దగ్గు దాచబోయిన నక్క

జేగురుకొండ జలపాతం పేరు చుట్టుపక్కల అడవులన్నిటికీ తెలుసు. వానలు వెనకబట్టగానే దాన్ని చూడటానికి జంతువులు గుంపులు గుంపులుగా వచ్చేవి. గాడిద సింగన్న ముసలివాళ్ళనూ పిల్లలనూ వీపున ఎక్కించుకుని కొండమీదికి చేర్చేవాడు. మేక రంగమ్మ తన పాకలో వాళ్ళకు పక్కలు పరిచేది. నక్క జంబయ్య ముందు నడుస్తూ, ఉన్నవీ లేనివీ కలిపి కొండ కథలు చెప్పేవాడు. అతిథులు తెచ్చే చిలగడదుంపలతో, జొన్నకంకులతో ముగ్గురి కడుపులూ నిండేవి.

ఒక ఏడు దేశమంతా దగ్గు జబ్బు పాకింది. ఏ అడవికాయడవి దారులు మూసుకుంది. జలపాతం దూకుతూనే ఉంది, చూసేవాళ్ళే లేరు. సింగన్న వీపు తేలికైంది, కడుపూ తేలికైంది. ఎండుగడ్డి నములుతూ పొద్దస్తమానం దారివైపే చూసేవాడు.

జబ్బు తగ్గుముఖం పట్టి దారులు తెరిచారో లేదో, రంగమ్మ దగ్గుతో మంచాన పడింది.

జంబయ్య ఊరుకోలేదు. పొరుగడవికి పోయి, "మా కొండమీద దగ్గన్న మాటే లేదు" అని చెప్పి ఒక కుందేళ్ళ కుటుంబాన్ని వెంటబెట్టుకొచ్చాడు. వస్తూనే సింగన్నను పక్కకు పిలిచాడు.

"అన్నా, రంగమ్మ దగ్గినప్పుడల్లా నువ్వు గట్టిగా ఓండ్ర పెట్టు. దగ్గు వాళ్ళకు వినపడదు."

"తప్పు కదరా?"

"తప్పొప్పులు తర్వాత. ఆ దుంపలు చూశావా, ఎంతలేసి ఉన్నాయో?"

సింగన్న చూశాడు. నోరూరింది. పాకలోంచి దగ్గు వినబడగానే ఓండ్ర పెట్టాడు. కుందేలు పిల్లలు కిలకిలా నవ్వారు. వాళ్ళ నాయనమ్మ అతని మెడ నిమిరి, "పిల్లలు బొరియ దాటి ఏడాదైంది నాయనా. మీ మాట నమ్మి తీసుకొచ్చాను" అంది.

సింగన్నకు ప్రాణం చివుక్కుమంది. మళ్ళీ ఓండ్ర పెట్టడం తనవల్ల కాదు. అలాగని జంబయ్యతో వాదనకు దిగితే గెలవనూ లేడు. కాసేపు ఆలోచించి, అందరూ వినేలా అన్నాడు.

"తమ్ముడూ జంబయ్యా, పెద్దమ్మ అలిసిపోయింది. పాకలోకెళ్ళి రంగమ్మ పక్కనున్న పరుపు పట్టుకురా."

"నేనా? ఆ దగ్గు నాకంటుకుంటే దిక్కెవరు?" అనేసి జంబయ్య నాలుక కరుచుకున్నాడు.

నాయనమ్మ చెవులు నిక్కబొడుచుకుంది. "దగ్గన్న మాటే లేదన్నావే?"

"లేదంటే, అంత ఎక్కువ లేదని."

"ఉందమ్మా," అన్నాడు సింగన్న తల దించుకుని. "ఇందాక నేనరిచింది అది వినపడకుండా ఉండటానికే. ఇటునుంచి ఇటే వెళ్ళిపోండి. రంగమ్మకు నయమయ్యాక నేనే వచ్చి పిలుస్తాను."

కుందేళ్ళు దుంపలతో సహా వెనక్కి తిరిగారు. పోతూ పోతూ నాయనమ్మ ఒక్క దుంప రంగమ్మకని వదిలివెళ్ళింది. సింగన్న దాన్ని రుచైనా చూడకుండా పాక గుమ్మంలో పెట్టాడు. జంబయ్య తిట్టిపోస్తుంటే తన ఎండుగడ్డి తాను నమలసాగాడు.

రంగమ్మ కోలుకుంది. సింగన్న వెళ్ళి పిలిచాడు. కుందేళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకే దుప్పులు, ఉడతలు, నెమళ్ళు. కొండదారి మళ్ళీ కళకళలాడింది. జంబయ్య కూడా ఎప్పటిలాగే ముందు నడిచి కథలు మొదలెట్టాడు. కానీ అతను ఏం చెప్పినా అతిథులు వెనక్కి తిరిగి, "నిజమేనా సింగన్నా?" అని అడుగుతున్నారు.

అతిథులు మళ్ళీ రావాలంటే, ముందు వాళ్ళ క్షేమం కోరాలి.