బూదమ్మ గద్దబండ ఎక్కిన రోజు

ఉరుముకొండ అడుగున, వాగు మలుపు తిరిగే చోట, తుమ్మచెట్ల నీడన ముగ్గురు స్నేహితులు ఉండేవారు. గాడిద బూదమ్మ, మేక చుక్కి, ముంగిస గవరయ్య.

ముగ్గురిలో బూదమ్మ పెద్దది. చాలా ఏళ్ళు బట్టలుతికేవాళ్ళ ఇంట్లో మూటలు మోసింది. ఆ ఇంటివాళ్ళు మోపెడ్ కొనుక్కున్నాక యజమాని ఒకరోజు ఆమె మెడ నిమిరి, "చాలా మోశావు తల్లీ. ఇంక నీకు నచ్చినచోట మేసి బతుకు" అని వాగు దాటించి వెళ్ళిపోయాడు. బూదమ్మకి కోపం రాలేదు గాని, ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఆమె ఎరిగినంతలో ఎక్కడికైనా వెళ్ళడమంటే ఏదో ఒకటి మోసుకెళ్ళడమే. ఖాళీ వీపుతో ఎటు పోవాలి?

ఆ సంగతే ఒకనాడు స్నేహితులతో అంది.

"ఎటైనా పోవచ్చత్తా" అంది చుక్కి. అది ఈ ఏడే ఎదిగిన మేక, కాలు ఒకచోట నిలవదు. "గద్దబండ చూశావా ఎప్పుడైనా?"

గద్దబండ అంటే ఉరుముకొండ కొసన గాలిలోకి పొడుచుకొచ్చిన పెద్ద రాయి. కింద నుంచి చూస్తే గద్ద తల వంచి చూస్తున్నట్టే ఉంటుంది.

"కింద నుంచి రోజూ చూస్తూనే ఉన్నాగా."

"కింద నుంచి కాదు, అక్కడ నిలబడి. అక్కడికెళ్తే మబ్బులు కాళ్ళ కింద పాకుతాయట."

"నా మోకాళ్ళతో అంత కొండ ఎక్కుతానా?"

ఎండలో పడుకున్న గవరయ్య ఒక కన్ను తెరిచాడు. "నెమ్మదిగా ఎక్కుదాం అక్కా. కొండేం పారిపోదు. పొద్దున బయల్దేరితే చీకటిపడే లోపల దిగిరావచ్చు."

వానలు వెనకపట్టిన రోజులవి. మర్నాడు తెల్లవారుతూనే ముగ్గురూ బయల్దేరారు. గవరయ్య పొట్టి కాళ్ళు చూసి బూదమ్మ వీపు వంచబోయింది.

"వద్దక్కా" అన్నాడు గవరయ్య. "ఇవాళ నీ వీపు మీద ఈగ వాలినా ఊరుకోను."

కొండ మొదట్లో దారి బాగానే ఉంది. ఉసిరిచెట్ల కింద రాలిన కాయలు ఏరుకుని తిన్నారు. తర్వాత ఏటవాలు మొదలైంది. కాలు పెట్టినచోటల్లా గులకరాళ్ళు జారుతున్నాయి. చుక్కి గెంతుకుంటూ ముందుకెళ్ళి, ఏ రాయి గట్టిగా ఉందో చూసి మళ్ళీ వెనక్కి వచ్చి చెప్తోంది. గవరయ్య ముళ్ళకంపలు పక్కకి లాగుతున్నాడు. బూదమ్మ మాత్రం నాలుగు అడుగులకోసారి ఆగి రొప్పుతోంది. ఆగినప్పుడల్లా వాళ్ళిద్దరూ ఆగుతున్నారు. అది చూస్తే బూదమ్మకి కాళ్ళ నొప్పికన్నా సిగ్గు ఎక్కువైంది.

సగం కొండ ఎక్కేసరికి ఒక రాతిచట్టు మీద కూర్చుని తోక దువ్వుకుంటూ నక్క జంబులయ్య కనిపించాడు.

"ఏమిటి, ఊరంతా కదిలినట్టుందే" అన్నాడు. "ఎక్కడికి ప్రయాణం?"

"గద్దబండకి బావగారూ" అన్నాడు గవరయ్య.

"అయ్యో, ఈ దారినా? ఈ దారిన పోతే ఎప్పటికి చేరతారు? పొద్దు నెత్తిమీదికి రాగానే పైన మబ్బు దిగిపోతుంది. ఇక మీరు చూసేది మీ ముక్కు కొసే."

చుక్కి మొహం పాలిపోయింది. "నిజమా మావా?"

"నేను పుట్టి పెరిగిన కొండమ్మా ఇది. నాకు తెలియదా? పొద్దున్నే కదా పైకెళ్ళి వస్తున్నాను. అదిగో, ఆ బండల వెనక ఒక గొంది ఉంది. అందులోంచి దూరితే ఇట్టే గద్దబండ. పసిపిల్లలు కూడా నడిచే దారి. కాకపోతే..." జంబులయ్య బూదమ్మ వైపు చూసి జాలిగా తల ఆడించాడు. "గొంది ఇరుకు. పెద్దమ్మ పట్టదు. పాపం, ఇక్కడ నీడలో కూర్చోబెట్టి వెళ్ళండి. వచ్చేటప్పుడు తీసుకుపోవచ్చు."

అతని మాటలో వంకలేమీ కనబడలేదు బూదమ్మకి. ఆ మాటే ఇందాకటి నుంచీ ఆమె నాలుక చివర ఆడుతోంది.

"ఆయన చెప్పిందే నయం చుక్కీ" అంది. "మీరు వెళ్ళిరండి. ఏం చూశారో వచ్చి చెప్తే నేను చూసినట్టే."

చుక్కి పైకి చూసింది. గద్దబండ ఇప్పుడు చాలా దగ్గరగా, ఎండలో ఎర్రగా మెరుస్తోంది. ఒక అడుగు ముందుకి వేసింది కూడా. మళ్ళీ వెనక్కి తిరిగి బూదమ్మ మొహం చూసింది. బూదమ్మ నవ్వడానికి ప్రయత్నం చేస్తోంది. మోకాళ్ళు వణుకుతున్నాయి.

"లేదత్తా" అంది చుక్కి. "నువ్వు లేకుండా వెళ్ళి నేనేం చూస్తాను? మబ్బు దిగితే మబ్బే చూద్దాం. ముగ్గురం కలిసి."

"నీ మూలంగా ఆలస్యమవుతోందని ఎవరన్నారక్కా?" అన్నాడు గవరయ్య. "నువ్వు ఆగినప్పుడల్లా నా ఊపిరి నాకు అందుతోంది. నేను పైకి చెప్పట్లేదు గాని."

బూదమ్మ తల తిప్పుకుంది. ఇన్నేళ్ళలో ఆమెని తొందరపెట్టినవాళ్ళే గాని, ఆమె కోసం ఆగినవాళ్ళు లేరు.

జంబులయ్యకి ఇది గిట్టలేదు. ఎందుకంటే అసలు సంగతి వేరు. గొంది లోపల, వెలుతురు సోకని చోట, దుమ్ములగొండి ఒకడు కాచుకుని కూర్చున్నాడు. ముసలివాడై పరుగెత్తలేకపోతున్నాడు గాని దవడలు మాత్రం సడలలేదు. మేకని లోపలికి పంపితే ఎముకలు అతనికి, మెత్తటి మాంసం నక్కకి అని ఒప్పందం. లోపల చీకటి కాబట్టి, మొదట ఎవరి అడుగు వినబడితే వాళ్ళని పట్టుకోమని నక్కే అవతలి వైపు నుంచి వెళ్ళి చెప్పి వచ్చాడు.

"సరే, కనీసం గొంది దాకా రండి" అన్నాడు జంబులయ్య తేనె పూసిన గొంతుతో. "చూసి అప్పుడు చెప్పండి. పెద్దమ్మ పట్టినా పట్టొచ్చు. చుక్కి తేలిక కాబట్టి ముందు తను వెళ్ళి అవతలి నుంచి కేక వేస్తుంది. తర్వాత మనం."

గొంది దగ్గరికి వెళ్ళారు. రెండు బండల మధ్య నిలువునా చీలిక. లోపల కటిక చీకటి. చుక్కి తల వంచి దూరబోతుంటే గవరయ్య అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గొంది మొగలో, సరిగ్గా అతని కళ్ళ ఎత్తున, ఒక సాలెగూడు అల్లుకుని ఉంది. మంచు బొట్లు ఇంకా దాని మీదే ఉన్నాయి.

"బావగారూ, పొద్దున్న మీరు వచ్చింది ఈ దారినేనా?"

"ఈ దారినే."

"సాలెగూడు చిరగలేదే."

జంబులయ్య కళ్ళు ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగాయి. "నేను... దాని పైనుంచి దూకాను. పాపం, సాలీడు కష్టపడి కట్టుకున్న ఇల్లు. ఎందుకు పాడుచెయ్యడమని."

"ఎంత మంచి మనసు" అన్నాడు గవరయ్య. గొంతులో ఎగతాళి లేదు, మొహంలో నవ్వు లేదు. "అయితే ముందు మీరే పదండి. పసిపిల్లలు నడిచే దారే కదా. మేమా కొత్తవాళ్ళం. మీరు అవతలికెళ్ళి ఒక్క కేక వెయ్యండి, వెనకే వచ్చేస్తాం."

"నేనా? నేను వెనక ఉండి కనిపెట్టుకుంటాను."

"దారి చూపేవాడు ముందుండాలి కదా మావా" అంది చుక్కి అమాయకంగా.

కాదంటే గుట్టు బయటపడుతుంది. ఔనంటే చీకట్లో ఆ దవడలు. జంబులయ్య ఒక్క క్షణం ఆలోచించి, లోపలికెళ్ళి మెల్లగా తన పేరు చెప్పుకుంటే సరిపోతుందిలే అనుకున్నాడు. సాలెగూడు మొహానికి చుట్టుకోగా తుమ్ముతూ లోపలికి దూరాడు.

"అన్నా" అని గుసగుసగా పిలిచాడు కాస్త దూరం వెళ్ళి. "నేనే, జంబు..."

సరిగ్గా అప్పుడే గొందిలోంచి గాలి బయటికి కొట్టింది. ఆ గాలిలో కుళ్ళిన ఎముకల వాసన, దాని వెనక దుమ్ములగొండి వాసన. బూదమ్మ ఒళ్ళు జలదరించింది. నోరు మూసుకుందామనుకుంది గాని, భయం ఆమె చేతిలో లేదు. కడుపులోంచి తన్నుకొచ్చిన ఓండ్ర గొంది మొగలో పడింది. ఇరుకు బండల మధ్య ఆ ఓండ్ర వంద ఓండ్రలై ఉరుములా లోపలికి దొర్లుకుంటూ పోయింది.

నక్క తన పేరు చెప్పుకున్నాడో లేదో ఎవరికీ వినబడలేదు. లోపల ఏదో ఎగిరి ఏదో మీద పడిన చప్పుడైంది.

"నేనే, నేనే" అని జంబులయ్య గొంతు కీచుమంది. "వదులు. నేను కాదు, మేక వెనక ఉంది. మేక బయటుంది."

బయట ముగ్గురూ ఆ మాట విన్నారు. చుక్కి బూదమ్మకి అంటుకుపోయింది.

"అత్తా" అంది.

బూదమ్మకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. గిర్రున తిరిగి తన వెనకభాగంతో గొంది మొగని నిండుగా మూసేసింది. లోపలి నుంచి వేడి ఊపిరి తోకకి తగిలింది. బూదమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని వెనక్కి తన్నింది. గిట్టలు బండకి తగిలి నిప్పులు రాలాయి. మళ్ళీ తన్నింది. ఈసారి తగిలింది బండ కాదు. లోపల ఒక మూలుగు, ఆ తర్వాత అవతలివైపుకి దూరమవుతున్న అడుగులు.

చాలాసేపటి వరకు ఆమె అక్కణ్ణించి కదల్లేదు. "వెళ్ళిపోయాడక్కా" అని గవరయ్య మూడోసారి చెప్పాక గాని కళ్ళు తెరవలేదు.

చుక్కి వచ్చి ఆమె మెడ కింద తల దూర్చింది. "నిన్ను వదిలేసి వెళ్ళి ఉంటే" అంది. "ఇందాక ఒక అడుగు వేశానత్తా. నువ్వు చూశావు."

"వేసిన అడుగు వెనక్కి తీసుకున్నావు. అదీ చూశాను" అంది బూదమ్మ.

ఇంటికి తిరిగి వెళ్ళిపోదామా అని ఎవరూ అనలేదు. పాత దారికే వచ్చి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టారు. ఆఖరి చరియ అన్నిటికన్నా కష్టం. నున్నటి బండ, ఒకపక్క లోయ. బూదమ్మ గిట్టలు ఆనడం లేదు. చుక్కి లోయ వైపుకి వచ్చి ఆమె పక్కన ఒళ్ళు ఆనించి నడిచింది.

"కుడికాలు ఇక్కడ పెట్టత్తా. చిన్న గుంట ఉంది. ఆఁ, అంతే. ఇప్పుడు ఎడమది."

"నువ్వు పడిపోతావే."

"మేకలు పడవు. నువ్వు కిందికి చూడకు."

ముందు నడుస్తున్న గవరయ్య తోకతో ఇసుక ఊడ్చుకుంటూ పోతున్నాడు. బూదమ్మ ఒక్కొక్క కాలే పెడుతూ, ఒక్కొక్క ఊపిరే తీసుకుంటూ, ఎప్పుడు చేరిందో తెలియకుండానే గద్దబండ మీద నిలబడింది.

మబ్బు దిగలేదు. అది కూడా నక్క అబద్ధమే. ఎదురుగా కొండ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, ఒకదానికన్నా ఒకటి నీలంగా. లోయలో ఎక్కడో జలపాతం దారప్పోగులా వేలాడుతోంది, చప్పుడు మాత్రం రావడం లేదు. కింద గాలిలో గద్దలు తిరుగుతున్నాయి. బూదమ్మ ఎప్పుడూ పక్షుల పొట్టలే చూసింది. వాటి వీపులు చూడటం ఇదే మొదలు. రెక్కల మీద ఎండ పడి రాగిరంగులో మెరుస్తున్నాయి.

"చల్లగా ఉండండర్రా" అంది చివరికి బూదమ్మ. అంతకన్నా పెద్దమాట ఆమెకి తెలియదు. "ఇది చూడకుండానే పోయేదాన్ని. నాకోసం ఆగారు."

"నీకోసం ఆగబట్టే మేం బతికున్నామక్కా" అన్నాడు గవరయ్య. "ఎవరు ఎవరికి దణ్ణం పెట్టాలో నాకు తెలియడం లేదు."

చుక్కి బూదమ్మ కాళ్ళకి చేరగిలబడి కూర్చుని, గాలికి కళ్ళు సగం మూసుకుంది. తను కదిలితే దానికి ఇబ్బందవుతుందని, బూదమ్మ కాలు తిమ్మిరెక్కినా కదలకుండా నిలబడింది.

దిగడానికి లేస్తుంటే గవరయ్య మూతితో కిందికి చూపించాడు. దూరంగా బోడిగుట్ట మీద ఒక చిన్న ఆకారం పడుతూ లేస్తూ పరిగెడుతోంది. తోక సగమే ఉంది. దాని వెనకాల ఒక పెద్ద ఆకారం కుంటుతూ, ఆగుతూ, తిట్టుకుంటూ వెంటపడుతోంది.

"మోసం చేశావురా జంబులూ" అనే అరుపు గాలిలో తేలి గద్దబండ దాకా వచ్చింది. "మేక అన్నావు, గాడిద చేత తన్నించావు."

జంబులయ్య ఆ కొండ చుట్టుపక్కల మళ్ళీ కనబడలేదు.

వెనకబడినవాళ్ళ కోసం ఆగితే ప్రయాణం ఆలస్యం కావచ్చునేమో గాని, ఆగినవాళ్ళు ఒంటరిగా ఆపదకి చిక్కరు.