తాడు రెండో కొస

అనగనగా అని నేనంటాను, ఊ అని మీరనాలి. మీరు ఊ కొడితేనే కథకి కాళ్లొస్తాయి. ఎందుకంటే ఇది ఊ కొట్టే మనిషి లేని ఒక ఇంటి కథ.

ఇప్పలవలస అనే ఊళ్లో, చిట్టచివరి ఇంట్లో, కూర్మయ్య అనే ముసలాయన ఉండేవాడు. ఆయన భార్య గౌరమ్మ చనిపోయింది. పిల్లలు లేరు. ఆమె పోయిన రోజున జోరున వాన. ఊళ్లోవాళ్లు చాలామంది రాలేకపోయారు. "అయితే నాకెవరూ లేరన్నమాట" అనుకున్నాడు కూర్మయ్య. ఆనాడే గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టాడు. పక్కింటి పైడమ్మ అంబలి ముంత పట్టుకొని వచ్చి పిలిస్తే, లోపలే ఉండి కూడా పలకలేదు. పిలిచి పిలిచి చివరికి ఆమె కూడా మానుకుంది.

పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆయన చెయ్యి ఇంకా ఇద్దరికి సరిపడా పోసేది. మిగిలిన అన్నం ఎద్దుకి పెట్టేవాడు. ఆ ఎద్దు పేరు చుక్కడు. నుదుట తెల్లచుక్క ఉండేది. కూర్మయ్య మాట్లాడితే వాడితోనే మాట్లాడేవాడు, వాడూ జవాబు చెప్పేవాడు. ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడుతున్నాయేమో, వినే తీరిక మనకే లేదు.

ఒకరోజు గాజులమ్ముకునే సెట్టి ముళ్లకంప అవతల నిలబడి గొంతెత్తి చెప్పాడు.

"కూర్మయ్యా, సముద్రం ఒడ్డున గవ్వలపేటలో మీ అప్ప నరసమ్మని చూసొచ్చాను. కళ్లు మసకలేస్తున్నాయి పాపం. 'చూపు పోకముందే నా తమ్ముడి మొహం ఒక్కసారి చూడాలి' అంటోంది. నీకు చెప్పమంది, చెప్పాను."

ఈ లోకంలో కూర్మయ్య రక్తం పంచుకున్నది ఆ అప్ప ఒక్కతే. చిన్నప్పుడు ఆయన్ని చంకనేసుకొని తిరిగిందీ ఆమే. కానీ గవ్వలపేట చాలా దూరం. మోకాళ్లు నడవనివ్వవు. దారిలో తల దాచుకోవడానికి సత్రం లేదు. మధ్యలో బండ్ల జాడ కూడా నిలవని పెద్ద ఇసుక బయలు. తొలకరి పడితే వాగులు పొంగుతాయి, ఇక దారే ఉండదు.

"ఇంటినే వెంట తీసుకెళ్దాం" అన్నాడు చుక్కడితో. "చిన్న గూడుబండి చేస్తాను. పైన తాటాకు కప్పు, లోపల పడక. నువ్వు లాగు, నేను అందులోనే పడుకుంటాను, వండుకుంటాను."

"పడక ఎంత వెడల్పు?" అని అడిగింది ఎద్దు.

"ఒక్కడికి ఎంత కావాలి? అంతే."

మర్నాడు పశువులపాక దూలాలు విప్పి పెరట్లో పరిచాడు. పొడుగు దూలాలు రెండు, వాటి మధ్య అడ్డపట్టీలు. బండి బలమంతా ఆ చట్రంలోనే ఉంటుంది. అది సరిగా కుదిరితే బండి చెప్పిన మాట వింటుంది. లేదంటే బండి మాట మనం వినాలి.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉండేది. ద్వారబంధమైనా, బండి చట్రమైనా, బిగించే ముందు తాడుతో కొలిచేవారు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి తాడు బిగలాగి, అక్కడ ముడి వేసేవారు. అదే తాడుని మిగిలిన రెండు మూలల మధ్య లాగేవారు. ముడి కచ్చితంగా మూల మీదికి వస్తే చట్రం కుదిరినట్టు, రాకపోతే ఒరిగినట్టు. తాడు రెండో కొస పట్టుకోవడానికి పక్కింటివాళ్లని పిలవడం రివాజు. పట్టినవాళ్ల నోట్లో బెల్లంముక్క పెట్టేవారు. దాన్ని తాడు బెల్లం అనేవారు.

సుత్తి చప్పుడు విని పైడమ్మ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏటి బావా, చట్రం బిగిస్తన్నావా? తాడు పట్టడానికి నాను రానా?"

కూర్మయ్య తల ఎత్తలేదు. వినపడనట్టు దూలం చెక్కుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే! అంత ప్రేమగా అడిగితే ఊ అనడానికేం?

"పిలవరాదూ" అన్నాడు చుక్కడు మెల్లగా.

"ఒకరి దగ్గర చెయ్యి చాపే ఖర్మ నాకు లేదు. మేకు ఉందిగా!"

నేలలో ఒక మేకు దిగ్గొట్టి, తాడు కొస దానికి కట్టి, రెండో కొస తానే పట్టుకొని లాగాడు. మేకుకేం తెలుసు? లాగేకొద్దీ మెత్తటి నేలలో అది కొంచెం కొంచెంగా వంగింది. ముడి మూల మీదికి వచ్చినట్టే కనిపించింది. కూర్మయ్య సంతోషించి చట్రం బిగించేశాడు. ఇరుసు ఎక్కించి, చక్రాలు తొడిగి, కప్పు వేశాడు. చూడ్డానికి బండి ముచ్చటగానే ఉంది.

తెల్లవారుతూనే బయల్దేరాడు. ఇసుక బయలు మీద రోజంతా సాగారు. సాయంత్రానికి దూరంగా ఒక ఇల్లు కనిపించింది. అన్ని ఇళ్లలో దీపాలు పెట్టే వేళ, ఆ ఇంట్లో మాత్రం చీకటి.

"ఎవరి ఇల్లో పాపం. దీపం పెట్టే దిక్కు కూడా లేదు" అన్నాడు కూర్మయ్య.

దగ్గరికి వెళ్లి చూస్తే అది తన ఇల్లే.

బండి రోజంతా ఎడమకి లాగి లాగి, పెద్ద చుట్టు తిరిగి, పెరటివైపు నుంచి ఇంటికే తెచ్చింది. కూర్మయ్య ఎద్దుని తిట్టాడు. "నీకు కళ్లు లేవా?" అన్నాడు. చుక్కడు తల వంచుకున్నాడు.

మరోసారి బయల్దేరారు. మళ్లీ సాయంత్రానికి అదే ఇల్లు, అదే చీకటి. ఈసారి చక్రాలని తిట్టాడు. కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చి, ఇరుసుకి ఆముదం పూశాడు. ఆకాశంలో మబ్బులు కమ్ముకొస్తున్నాయి. అవతల అప్ప కళ్లలో చూపు ఇంకిపోతోంది. ఇవతల ఈయన పూర్తిగా ఒంటెద్దు పోకడ!

మూడోసారి కూడా బయల్దేరాడు. పొద్దు వాలకముందే తన ఇంటి పెరడు ఎదురొచ్చింది. చుక్కడు అక్కడే కూలబడ్డాడు. కాడి ఒరుసుకొని మెడ పుండైంది.

"తప్పు నాది కాదు, చక్రానిదీ కాదు" అన్నాడు చుక్కడు. "చట్రం ఒరిగింది. నీకూ తెలుసు. రెండో కొస నేనే పట్టుకుందును, నాకు చేతుల్లేవు."

ఆ పుండు చూసి కూర్మయ్యకి ఏడుపొచ్చింది. తన ఇంటిని పెరటివైపు నుంచి మళ్లీ చూశాడు. గుమ్మానికి అడ్డంగా తాను పెట్టిన ముళ్లకంప అక్కడి నుంచి కూడా కనిపిస్తోంది. లేచి వెళ్లి దాన్ని ఈడ్చి అవతల పారేశాడు. అరచేతుల్లో ముళ్లు దిగాయి.

పైడమ్మ ఇంటి గోడ దగ్గర నిలబడ్డాడు. మనిషిని పిలిచి ఎన్నాళ్లయిందో మరి. దగ్గి, సర్దుకొని, ఆఖరికి అన్నాడు.

"పైడమ్మా, తాడు పట్టాలే."

ఆమె చేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ వచ్చేసింది. ఒక్క దెప్పుమాట అనలేదు. దారిలో మాత్రం అడిగింది, "బెల్లం ఉందా లేదా? నేకపోతే నాను పట్టను సుమీ."

ఇద్దరూ చెరొక కొస పట్టుకొని లాగారు. ముడి మూలకి నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. చీలలు ఊడదీసి, చట్రాన్ని సరిచేసి, మళ్లీ లాగారు. ముడి వచ్చి మూల మీద కూర్చుంది.

కూర్మయ్య వంటింట్లో వెతికితే గౌరమ్మ దాచిన బెల్లం ముంత దొరికింది. బెల్లం రాయిలా గట్టిపడింది. పైడమ్మ దాన్ని పంటికింద పటుక్కున కొరికి, "గౌరమ్మక్క సెయ్యి తగిలిన బెల్లం" అని కళ్లు ఒత్తుకుంది. గౌరమ్మ కోసం ఏడ్చే మనిషి ఇంకొకరున్నారని కూర్మయ్యకి ఆ రోజే తెలిసింది. మెడ పుండుకి పసుపు, నూనె ఆమే రాసింది. కూర్మయ్య పుండు మానేదాకా ఆగి, చుక్కడు లేచి సరేనన్నాకే బయల్దేరాడు.

ఈసారి బండి తిన్నగా వెళ్లింది. ఇసుక బయలు దాటింది, వాగులు పొంగకముందే దాటింది, గవ్వలపేట చేరింది.

నరసమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. బండి చప్పుడుకి మొహం ఇటు తిప్పింది, కానీ చూపు ఆయన మీద నిలవలేదు.

"ఎవులది?"

"అప్పా, నేను, కూర్మాన్ని."

ఆమె రెండు చేతులూ చాచి గాలిలో వెతికి, తమ్ముడి మొహం పట్టుకుంది. నుదురు, చెంపలు, బోసినోరు తడిమింది.

"ముసిలోడివైపోనావురా! మొన్న మొన్నటిదాకా కొంచెం ఎలుగు తెలిసేదిరా తమ్ముడూ. గుమ్మం కేసే సూసుకుంటూ కూకున్నాను."

కూర్మయ్య ఆమె ఒళ్లో తల పెట్టి పసివాడిలా ఏడ్చాడు. ఇసుకలో తిరిగిన ఆ మూడు చుట్లూ ఆయన కళ్ల ముందు తిరిగాయి. గోడ మీంచి పైడమ్మ అడిగిన రోజునే ఊ అని ఉంటే, అప్ప ఆయన మొహం చూసి ఉండేది.

ఏడ్చి ఏడ్చి, లేచి, బండి కప్పు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏటి సేస్తన్నావురా?" అని అడిగింది నరసమ్మ.

"పడక ఒక్కరికే చేశానప్పా. ఇద్దరికి వెడల్పు చేస్తున్నాను. నువ్వు నాతో మన ఊరు వస్తున్నావు." తర్వాత మొహమాటంగా అన్నాడు, "తాడు రెండో కొస ఎవరైనా పట్టాలి."

"ఎవులో ఎందుకు? ఇలా తే. తాడు పట్టడానికి సూపెందుకురా!"

వెడల్పుగా పేర్చిన పట్టీల మూల మీద అప్ప తాడు కొస గట్టిగా పట్టుకుంది. ఆయన బిగలాగాడు. ముడి సరిగ్గా మూల మీదికి వచ్చింది. కూర్మయ్య మూటలోంచి బెల్లంముక్క తీసి ఆమె నోట్లో పెట్టాడు.

పిల్లలూ, సాయం అడిగితే మనిషి చిన్నవాడైపోడు. అడగడానికి చేసిన ఆలస్యంలో పోయినది మాత్రం మళ్లీ రాదు.