గుమ్మం ముందు చెరొక లోటు

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్ళ సంగతేమో గానీ, కొండవాలు చేలలో కుందేళ్ళ అరికాళ్ళు మాత్రం పగిలాయి. అందులోనూ కొత్తగా పెళ్ళయిన చెంగయ్యవీ, దూదమ్మవీ.

ఇరవై రోజులుగా వాళ్ళు ఇల్లు వెతుకుతున్నారు. చెంగయ్య వాళ్ళ అమ్మ బొరియలో పద్నాలుగు ప్రాణాలు. ఒకరు చెవి విదిలిస్తే ఇంకొకరి మూతికి తగిలేది. అత్తగారు మంచిదే, పాపం. "మీరిద్దరూ లోపలికి జరగండమ్మా, నేను గుమ్మంలో పడుకుంటాను" అనేది. అలా అన్నప్పుడల్లా దూదమ్మకు ప్రాణం చివుక్కుమనేది. పైగా ఆమె కడుపుతో ఉంది. మృగశిర వానలు దిగేలోపు పిల్లల్ని పెట్టుకోవడానికి నాలుగు జానల పొడి నేల కావాలి. వాళ్ళు దేవుణ్ణి అడిగింది అంతే.

పెళ్ళిళ్ళకు పేరయ్య ఎలాగో, ఆ చేలలో బొరియలకు నక్క మామ అలాగ. ఎనిమిది ఇళ్ళు తిప్పాడు. ఒకదాని పక్కన పందికొక్కుల కాపురం. ఒకటి కుక్కలు తిరిగే దారిలో. ఇంకొకటి బాగానే ఉంది గానీ, వీళ్ళు వెళ్ళేసరికి ఉడుము దిగిపోయింది. ప్రతి ఇంటి దగ్గరా దూదమ్మ "స్వామి దయ ఉంటే దొరుకుతుందిలెండి" అనేది. ఎనిమిదో ఇంటి దగ్గర ఆ మాట కూడా అనలేదు. ఇంత నీడ చూసుకుని కూలబడింది.

"ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు," అన్నాడు చెంగయ్య నీరసంగా. "కొని చూడమని ఎవరూ అనలేదు. ఎందుకనలేదో ఇప్పుడు తెలుస్తోంది."

"ఇంకొక్కటి చూడండి అల్లుడూ," అన్నాడు నక్క. "ఇల్లంటే అది! మెత్తటి ఇసుక నేల, గాలీ వెలుతురూ. మా మేనల్లుడిది. వాడు కొండ అవతలికి పోతున్నాడు కాబట్టి గానీ, లేకపోతే అమ్ముతాడా? వేసవంతా మీరు ఏరి దాచిన వేరుశనగ కుప్ప ఇస్తే చాలు."

మేనల్లుడూ లేడు, ఎవడూ లేడు. అది నక్క సొంత బొరియే.

వెళ్ళి చూస్తే అది వాగు ఒడ్డు.

"వాగు కదా మామా," అని నసిగాడు చెంగయ్య.

"పేరుకే వాగు. నా ఎరుకలో ఇది తడిసిన పాపాన పోలేదు. కావాలంటే దిగి చూడు, చుక్క కనబడితే నా తోక కోసిస్తా."

దూదమ్మ లోపలికి వెళ్ళింది. చెంగయ్య బయటే నిలబడి, గుమ్మం మీదికి వేలాడుతున్న కానుగ వేళ్ళ వంక చూశాడు. ఏదో అడగబోయాడు. నక్క వెంటనే అతని చెవి దగ్గర చేరాడు.

"అమ్మాయి మొహం చూశావా? ఇన్నాళ్ళకి కళ వచ్చింది. వట్టి మనిషి కూడా కాదు, ఇంకెన్ని గుమ్మాలు ఎక్కించి దింపుతావయ్యా? నువ్వు కాదంటే పైకి ఏమీ అనదు, లోపల కుమిలిపోతుంది."

చెంగయ్య నోరు మూసుకున్నాడు.

తరవాత అతను లోపలికి వెళ్ళాడు, ఆమె బయటికి వచ్చింది. ఆమె మొహంలోనూ ఏదో సందేహం.

"చూడమ్మాయ్," అన్నాడు నక్క, గొంతు తగ్గించి. "నీ మొగుడు ఇప్పుడే 'బతికాం మామా, దొరికింది' అన్నాడు. వాడి కాళ్ళు చూశావా, నెత్తురు చిమ్ముతున్నాయి. ఇప్పుడు నువ్వు వంక పెట్టావనుకో, పాపం, రేపు మళ్ళీ తెల్లారకుండా బయల్దేరాలి."

దూదమ్మ తల వంచుకుంది. చెంగయ్య బయటికి రాగానే, "బాగుందండీ" అంది. "బాగుంది" అన్నాడు అతనూ. ఇద్దరి గొంతులోనూ జీవం లేదు. అలసట అనుకున్నారు.

ఆ చేలలో ఇల్లు చేతులు మారాలంటే బసవ తాత వచ్చి గుమ్మం ముందు సాక్ష్యం పలకాలి. బసవ తాత ముసలి ఎద్దు. పగలు సగం ఆయన రావడానికే పట్టింది.

"కానియ్యి తాతా, ఆలస్యం అమృతం విషం," అన్నాడు నక్క.

"పదిహేనేళ్ళు అరక లాగాను. పరుగంటే నాకేం తెలుసురా." ఎద్దు నెమరు ఆపి కుందేళ్ళ వంక చూశాడు. "ఏం పిల్లలూ, ఇల్లు నచ్చిందా?"

"నచ్చింది తాతా."

"అయితే చెరొక లోటు చెప్పండి."

నక్క తోక నిలబడింది. "నచ్చిందంటుంటే మళ్ళీ లోటేమిటి?"

"నచ్చితేనే చెప్పాలి. పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టమూ? ఇంటికీ అంతే. ఆలుమగలు చెరొక లోటు పైకి చెబితే దిష్టి తగలదు. మా అమ్మ చెప్పేది."

మా మనుషుల ఇళ్ళలోనూ పాలు పొంగించే ముందు ఈ మాట అడిగే పెద్దవాళ్ళు ఉండేవారు.

"చాదస్తం! సరే చెప్పెయ్యండి," అన్నాడు నక్క. "గుమ్మం చిన్నదనండి, అయిపోతుంది."

"మీరు చెప్పండి," అంది దూదమ్మ.

"నాకేం కనబడలేదు. నువ్వే చెప్పు."

"నాకూ ఏమీ లేదండీ."

ఎద్దు మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు. "లోటే లేదంటే నేను సాక్ష్యం పలకను. మీరు ఇల్లు చూడలేదన్నమాట. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని సరే అన్నారు."

చివరికి దూదమ్మ, మట్టిని గోటితో గీస్తూ అంది: "చాలా చిన్నది తాతా. లోపలి గోడకి, నా చెవులకంటే ఎత్తున, నత్తగుల్ల ఒకటి అంటుకుని ఉంది. గీకేస్తే పోతుంది."

చెంగయ్య గిరుక్కున తిరిగాడు. "నత్తగుల్లా? అంత ఎత్తునా?"

"ఏం?"

"నాకు ఈ కానుగ వేళ్ళలో ఎండిపోయిన నాచు కనబడింది. గాలికి కొట్టుకొచ్చిందేమోలే అనుకున్నాను."

ఇద్దరూ తలెత్తి ఆ వేళ్ళను చూశారు. గుమ్మానికి జానెడు పైన, పచ్చదనం పోయి, బూడిద రంగు పీచులా వేలాడుతోంది.

"నాచు గాలికి ఎగరదండీ," అంది దూదమ్మ మెల్లగా. "నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి."

"మరి గుల్ల సంగతి అప్పుడే చెప్పవేం?"

"బతికాం, దొరికింది అన్నారటగా మీరు!"

"నేనా? నీ మొహంలో కళ వచ్చిందని మామే..."

ఇద్దరూ నక్క వంక తిరిగారు.

"మీ మేలు కోరే..." అని నసిగాడు నక్క.

"ఇల్లు అమ్ముకుంటే అమ్ముకో," అన్నాడు ఎద్దు. "మొగుడి మాట పెళ్ళానికీ, పెళ్ళాం మాట మొగుడికీ కూడా అమ్మేశావుట్రా."

కుందేళ్ళకు తిట్టడానికి కూడా ఓపిక లేదు. దూదమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇంక నేను నడవలేనండీ" అంది. ఆ ఇరవై రోజుల్లో ఆమె ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"నేనూ నడవలేను," అన్నాడు చెంగయ్య.

"నా పాక వెనక గట్టి మట్టిదిబ్బ ఉంది," అన్నాడు ఎద్దు. "కట్టిన ఇల్లు కాదు, తవ్వుకోవాలి. నాకేమీ ఇవ్వక్కర్లేదు. ముందు లోటు చెప్పండి."

దూదమ్మ ఈసారి ఆలోచించలేదు. "మీరు గురక పెడతారు తాతా."

"జోరీగలు," అన్నాడు చెంగయ్య.

"పెడతాను. ఉన్నాయి. దిష్టి పోయింది, పదండి."

అయిదు రోజులు తవ్వారు. ఒకరు తవ్వుతుంటే ఒకరు మట్టి చేతుల్తోనే నిద్రపోయేవారు. వేరుశనగ కుప్ప పురిటికి మిగిలింది. ఆరో రోజు మృగశిర చినుకు పడింది. లోపల ఉక్క, ఎద్దు గురక, జోరీగల మోత. కానీ నేల పొడిగా ఉంది.

సాయంత్రానికి వాగు పొంగింది. నక్క మామ తడిసిన గోనెసంచిలా కాళ్ళు ఈడ్చుకుంటూ పాక ముందుకు వచ్చాడు.

"తాతా, ఎక్కడైనా ఇంత ఖాళీ ఉంటే చెప్పు. తిరగలేక చచ్చిపోతున్నాను."

ఎద్దు ఒక కన్ను తెరిచాడు. "వాగు ఒడ్డున ఒకటి ఉందటగా నక్కా. మెత్తటి ఇసుక నేల. మీ మేనల్లుణ్ణి అడుగు."

నీతి: ఎదుటివాళ్ళ కోసం మింగిన సందేహం, ఇద్దరి ఇంట్లోకీ నీళ్ళై వస్తుంది.