మంత్రిగారి వేలు

అన్ని రాజ్యాల్లో ఏనుగులుంటే, ఆ రాజ్యంలో సర్వర్లు కూడా ఉండేవి. ప్రజల భూముల పట్టాలన్నీ ఒక సర్వర్లోనే ఉండేవి. దాన్ని కనిపెట్టుకుని ఉండే నూకాలుకు ఓపిక నశించింది. బ్యాకప్ నకలులోంచి పట్టాలు తిరిగి వస్తాయో లేదో ఒక్కసారి పరీక్షించనివ్వమని పదకొండు అర్జీలు పెట్టింది. మంత్రి చండసేనుడు పదకొండూ చించి పారేశాడు.

చివరికి నిండు సభలో రాజుగారి ముందే అడిగింది.

"రోజూ బ్యాకప్ తీయిస్తున్నాను ప్రభూ! అక్షరం పొల్లుపోదు. ఈమెవన్నీ వట్టి అనుమానాలు," అని మంత్రి మీసం దువ్వాడు.

నూకాలుకు ఒళ్లు మండింది. మంత్రి ముందున్న కీబోర్డు లాక్కుని టకటకా ఒక కమాండు కొట్టింది.

"పట్టాలన్నీ చెరిపేసే కమాండిది, మారాజా. ఎంటర్ ఇంకా నొక్కలేదు. బ్యాకప్ అంత భద్రంగా ఉంటే భయమేముంది? చెరిపేసి, అందులోంచే తిరిగి తెచ్చుకుందాం. మంత్రిగారే నొక్కాలి."

మంత్రి వేలు ఎంటర్ దాకా వెళ్లి గాల్లోనే ఆగిపోయింది. సభంతా దానికేసే చూస్తోంది.

"నొక్కండి బాబూ," అంది నూకాలు విసుగ్గా. "అవతల నాకు పన్నెండో అర్జీ రాసుకునే పనుంది."

రాజుగారు కలం తీసి మంత్రి చేతికిచ్చారు.

"ఆ అర్జీ నువ్వు రాయవయ్యా. వేలు ఖాళీగానే ఉందిగా!"