కుప్ప కింద వెలసిన నాల్పేటలమ్మ

వెలగలూరు నగరపాలక సంస్థ కార్యాలయానికి ఎదురుగా, నాలుగు వీధులు కలిసే చోట, నడుమెత్తు గుడిలో కొలువైన తల్లి నాల్పేటలమ్మ. అమ్మ ముందు తట్టా పారా కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి. అవి అమ్మవారి ఆయుధాలు.

పూర్వం ఇక్కడ ఊరంటూ ఒకటి లేదు. సాలెపేట, కంచరపేట, గానుగపేట, బజారుపేట అని నాలుగు పేటలు, నలుగురు పెద్దలు. ఒక పేట ఊడ్చిన చెత్త పక్క పేట హద్దులో పడేది. అలా నలుగురూ నెట్టగా నెట్టగా ఈ కూడలిలో కొండంత కుప్ప లేచింది. పేటలన్నిటికీ మజ్జిగ పోసే సింగారమ్మ రోజూ ఆ కుప్ప ఎక్కి దిగవలసిందే. అప్పటికే మూడు కుండలు పగిలాయి. ఇంకొకటి పగిలితే ఆమె పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ రోజుల్లోనే దొరల కచేరీ నుంచి తాఖీదు వచ్చింది. పేటలన్నీ ఒక్క పురపాలక సంఘమైతే చెత్త ఎత్తే బళ్లు, వీధిదీపాలు ఇస్తారట. శుక్రవారం దొర వచ్చేసరికి పెద్దలు కలిసి కూర్చోకపోతే ఆ భాగ్యం పొరుగూరికి పోతుందట. సింగారమ్మ ఆశంతా ఆ బళ్ల మీదే. పెద్దలేమో ఎవరి అరుగు మీద కూర్చోవాలన్న దగ్గరే ఆగిపోయారు.

గురువారం మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించింది. “ఊపిరాడడం లేదే సింగారీ! కుప్ప కిందున్నాను, పైకి తీయించు” అంది.

ఆమె సాలెపేట పెద్ద మార్కండేయులు దగ్గరికి పరుగెత్తింది.

“అది మా హద్దు కాదే, కంచరపేట వాళ్లనడుగు” అన్నాడాయన.

“ముందు ఎవరి చెయ్యి తగిలితే ఆ పేటకే దక్కుతానంది పెద్దయ్యా. మీకొక్కరికే చెబుతున్నా!”

ఆ మాట అమ్మవారు అనలేదు. సింగారమ్మే కలిపింది. మజ్జిగలో నీళ్లు కలిపే చెయ్యి ఊరుకుంటుందా? మిగిలిన ముగ్గురికీ “మీకొక్కరికే” అనే చెప్పింది.

శుక్రవారం పొద్దు పొడిచేసరికి నలుగురు పెద్దలూ తమ తమ జనంతో, పారలతో కుప్ప మీద ఎదురుపడ్డారు. “నువ్వేంటోయ్ ఇక్కడ?” “నీ సంగతేంటో ముందది చెప్పు!” అనుకుంటూనే తవ్వారు. ఎండ ఎక్కేసరికి కుప్ప కరిగింది. అడుగున పసుపుపచ్చని రాయి మెరిసింది. నాలుగు చేతులూ ఒక్కసారే దాని మీద పడ్డాయి.

“ఇప్పుడెవరిదే ఈ తల్లి?” అని రొప్పుతూ అడిగాడు గానుగపేట పెద్ద.

“లాగి చూడండయ్యా, ఎవరికొస్తే వాళ్లదే” అంది సింగారమ్మ.

నలుగురూ నాలుగు వైపులా లాగారు. తల్లి కదిలితేనా! అలసిపోయి ఆ రాతి చుట్టూ చతికిలబడ్డారు. సరిగ్గా అప్పుడే దొర గుర్రం దిగాడు. మోకాళ్లదాకా మురికితో ఒకచోట కూర్చున్న పెద్దలను చూసి, “సంఘం అప్పుడే పని మొదలుపెట్టిందే!” అని మురిసిపోయి అక్కడే సంతకం పెట్టాడు. ముందు మార్కండేయులుకు నవ్వొచ్చింది, ఆపైన అందరికీ. పగలని కుండ దించి సింగారమ్మ వాళ్లందరికీ మజ్జిగ పోసింది.

ఆ సంఘమే ఓట్లతో ఏర్పడే పురపాలక సంఘమై, నేడు నలభై ఎనిమిది డివిజన్ల నగరపాలక సంస్థ అయింది. నేటికీ మేయరుతో సహా గెలిచినవారందరూ ప్రమాణానికి ముందు తమది కాని డివిజన్‌లో ఒక తట్ట చెత్త ఎత్తి అమ్మకు మొక్కుతారు. సింగారమ్మ వంశపు ఆడపడుచు వారి దోసిట మజ్జిగ పోస్తుంది. “అది మా హద్దు కాదండీ” అన్నవారికి మజ్జిగ బదులు మరో తట్ట. ఈ ప్రసాదం తీసుకున్నవారి వీధిలో కుళాయి ఎండదని, దీపం ఆరదని భక్తుల నమ్మకం.

మజ్జిగ పలచగా ఉందని మాత్రం అనకండి. అది సంప్రదాయం.