లాగి చూడని పట్టీ

కాకినాడలో కృపానందం అని ఒక లెదర్ రిపేరు పనివాడు ఉండేవాడు. చేతిలో పనితనానికి లోటు లేదు గానీ, పైకి బాగా కనిపిస్తే లోపల ఎలా ఉన్నా పరవాలేదనుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

అతని తండ్రి యోబు ఒక రోడ్డు మలుపులో గొడుగు కింద కూర్చుని నలభై ఏళ్లు చెప్పులు కుట్టాడు. తండ్రి పోయాక కొడుకు ఆ గొడుగు కిందికి వెళ్లలేదు. హైదరాబాద్‌లో 'కొత్తందం' అనే కంపెనీ ఊరూరా ఫ్రాంచైజీలు ఇస్తోందని విని, వెళ్లి పన్నెండు రోజులు శిక్షణ తీసుకుని, తెల్లటి వ్యానుతో తిరిగొచ్చాడు. వ్యాను మీద కంపెనీ పేరు, దాని పక్కన ధగధగలాడే సోఫా బొమ్మ. లోపల అరల నిండా రంగు సీసాలు, పగుళ్లలో నింపే ముద్ద, వేడిగాలి కొట్టే యంత్రం ఉండేవి. ఫోన్ చేస్తే ఇంటి ముందుకే వచ్చేవాడు. పిల్లి గోళ్లతో చీరేసిన సోఫాని గంటలో ఇప్పుడే షాపులోంచి దిగినట్టు చేసి పెట్టేవాడు. డాక్టర్ల కారు సీట్లు, ప్లీడర్ల కుర్చీలు, కల్యాణ మండపాల్లో వధూవరుల సోఫాలు అన్నీ అతని చేతి మీదుగానే కళకళలాడేవి. తోలుకి కన్నాలు పొడిచే తండ్రి ఆరె, కత్తి, మైనం దారం ఉన్న రేకు పెట్టె మాత్రం డ్రైవరు సీటు కింద పడి ఉండేది. పారేయడానికి మనసు రాలేదు, తెరవడానికి తీరికా లేదు.

ఆ కంపెనీకి ఒక అలవాటు ఉండేది. చేసిన ప్రతి పనికీ ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో తీసి పంపాలి. నెల తిరిగేసరికి ఏ జత ఫోటోలు అందరికన్నా బాగుంటాయో ఆ మనిషిని హైదరాబాద్ పిలిపించి, వేదిక ఎక్కించి, శాలువా కప్పేవారు. కృపానందం ఆ శాలువా కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఎప్పుడూ రాజమండ్రి ఫ్రాంచైజీ అతనే ఎగరేసుకుపోయేవాడు. ఆ సంగతి గుర్తొస్తే కృపానందానికి అన్నం సహించేది కాదు. శాలువాలు బజారులో బోలెడు దొరుకుతాయని భార్య చెప్పి చూసింది గానీ, అలాంటి మాటలు అతని చెవికెక్కే రకం కాదు.

కంపెనీ శిక్షణలో ఇంకో మాట కూడా చెప్పింది. తమ రంగులూ ముద్దలూ అందానికే తప్ప బలానికి కావు, బరువు మోసే పట్టీల జోలికి పోవద్దు అని. అతను అది చదివి సంతకం పెట్టాకే వ్యాను తాళాలు చేతికిచ్చింది.

ఫిబ్రవరి నెలలో ఒక సాయంత్రం మంగతాయారు టీచరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడకి రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుపడింది. ఆ కాలికి రెండు పక్కలా ఇనుప కడ్డీలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, కింద బూటు ఉన్న కాలిపర్ తగిలించుకుని నడిచేది. మోకాలి దగ్గర రెండు పట్టీలుండేవి. అవి బిగిసి ఉంటేనే మోకాలు నిటారుగా నిలిచేది. అవి వదిలితే మనిషి నిలబడినపళాన కూలబడిపోవాల్సిందే. ఆ కాలితోనే చదివి, ఆ కాలితోనే ఉద్యోగం తెచ్చుకుని, ఇరవై మూడేళ్లుగా రోజూ స్కూల్లో మేడ మీది మూడో తరగతికి ఇరవై రెండు మెట్లు ఎక్కి దిగుతోంది.

కృపానందం వెళ్లేసరికి ఆవిడ వరండాలో కుర్చీ వేసి, మంచినీళ్లు పెట్టి ఉంచింది. పై పట్టీలో బకిల్ కన్నం పక్కన అడ్డంగా పగులు ఉంది. నెల కిందటే చూశానని, విశాఖపట్నం వెళ్లి కొత్తది చేయించుకోవాలంటే మూడు వారాలు పడుతుందన్నారని, పరీక్షలయ్యేదాకా సెలవు దొరకదని ఆవిడ చెప్పింది. అప్పటి నుంచీ పిల్లల్ని ముందు పంపించేసి, తను గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోందట.

"యోబుగారు ఉండగా నాకు ఈ బాధ ఉండేది కాదు. చిన్నప్పుడు నా పట్టీలన్నీ ఆయనే వేసేవారు," అంది.

తన తండ్రిని 'గారు' అన్న మనుషుల్ని కృపానందం వేళ్ల మీద లెక్కపెట్టగలడు. ఆ మాటకి అతనికి గుండె నిండినట్టయింది. కానీ ఆ నిండుదనం చేతిదాకా రాలేదు.

పట్టీని వంచి చూశాడు. పగులు తెరుచుకుంది. సగానికి పైగా తెగి ఉంది, మిగిలిన సగం ఎండి గుల్లబారింది. కింది పట్టీ కూడా అదే బాపతు. చర్మకారుడి కడుపున పుట్టినవాడికి ఆ మాత్రం తెలియకపోదు. రెండు పట్టీలూ తీసేసి, దళసరి గేదె తోలుతో కొత్త వారులు కోసి, చేత్తో కుట్టాలి. పూటంతా పడుతుంది. రేకు పెట్టె తెరవాలి. అదేమంత పెద్ద విషయం కాదు. కానీ కొత్త పట్టీ వేస్తే అది కొత్త పట్టీ ఫోటోయే అవుతుంది, అందులో ఎవరు ఏం గొప్ప చూస్తారు? అదే ఈ పాత పగుళ్ల పట్టీ నిగనిగలాడుతూ, పక్కన కాలిపర్‌తో నిలబడి టీచరుగారు నవ్వుతూ ఉంటే, రాజమండ్రి వాడు ఇంక నోరెత్తడు. అతని కళ్ల ముందు పట్టీ లేదు, ఫోటో ఉంది.

బాగు చేసేస్తానన్నాడు. గరుకు కాగితంతో పట్టీని రుద్ది, పగుళ్లలో ముద్ద కూరి, వేడిగాలి కొట్టి, తేనె రంగు మూడు పూతలు వేశాడు. గంట తిరక్కుండా పగులు ఎక్కడుండేదో అతనికే వెతుక్కోవాల్సి వచ్చింది. ఆవిడ పట్టీని చేతిలోకి తీసుకుని వేలితో తడిమి, చిన్నపిల్లలా సంబరపడింది. తర్వాత ఏదో గుర్తొచ్చి ఆగింది.

"మీ నాన్నగారు ఇచ్చేముందు ఓ కొస కాలికింద తొక్కిపెట్టి, రెండో కొస రెండు చేతుల్తో లాగి చూసేవారండీ. 'నా బరువుకి ఆగితే నీ బరువుకి ఆగుద్దమ్మా' అనేవారు. మీరు లాగి చూడరా?"

కృపానందం చేయి ఒక్క క్షణం ముందుకి వెళ్లింది. లాగితే ఏమవుతుందో అతనికి తెలుసు. తోలు తెగకపోయినా రంగు చిట్లుతుంది, ఫోటో పాడవుతుంది.

"అది పాత పద్ధతండి టీచరుగారూ. ఇది కంపెనీ మందు, లాగక్కర్లేదు. ఓ రోజు ఆరనిచ్చి తొడుక్కోండి," అన్నాడు.

ఆవిడ నమ్మింది. యోబుగారి కొడుకు మాట కాబట్టి మరీ నమ్మింది. మర్నాడు మళ్లీ వెళ్లి, ఆవిడ కాలిపర్ తొడుక్కుని నిలబడితే ఫోటో తీసుకున్నాడు.

ఈసారి శాలువా అతనికే వచ్చింది. రాజమండ్రి ఫ్రాంచైజీ అతను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతుంటే కృపానందం కడుపు నిండిపోయింది. వేదిక వెనక తెర మీద మంగతాయారు టీచరు ఫోటో మనిషంత పెద్దదిగా వెలిగింది. ఆ ఆనందం పంచుకోవాలని వేదిక దిగీదిగగానే ఆవిడకి ఫోన్ చేశాడు. ఎత్తింది ఆవిడ చెల్లెలు. అక్క పెద్దాసుపత్రిలో ఉందని, మూడు రోజులైందని, స్కూల్లో మెట్ల మీద పడిపోయిందని చెప్పింది. ఎవరు మాట్లాడుతున్నారని అడిగితే కృపానందం పేరు చెప్పలేక ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు కాకినాడలో రైలు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లాడు. మంగతాయారు మంచం మీద కదలకుండా పడుకుని ఉంది. ఎడమ కాలికి ఏమీ కాలేదు. పై మెట్టు మీద పట్టీ తెగి మోకాలు మడత పడితే, బరువంతా కుడికాలి మీద పడి మెలితిరిగింది. పదకొండు మెట్లు దొర్లేసరికి కుడి తుంటి, తొడ ఎముక రెండూ విరిగాయి. ఉన్న ఒక్క మంచి కాలూ పోయింది. ఇంక చక్రాల కుర్చీయేనని డాక్టర్లు తేల్చేశారు.

కాలిపర్ మంచం కింద ఉంది. పట్టీ తెగిన చోట రెండు పక్కలా తేనె రంగు ఇంకా నిగనిగలాడుతోంది. మధ్యలో అతను కూరిన ముద్ద పొడిపొడిగా రాలుతోంది.

తిడుతుందని, తిడితే పడదామని వచ్చాడు. ఆవిడ తిట్టలేదు. పైకప్పు వంక చూస్తూ అంది.

"పగులు కనిపించినన్నాళ్లూ గోడ పట్టుకుని దిగానండీ, ఏమీ కాలేదు. మీరు బాగుచేశారు కదా అని గోడ వదిలేశాను."

కాలిపర్ అడిగి తీసుకుని బయటికి వచ్చాడు. ఆసుపత్రి ఆవరణలో కూర్చుని, తెగకుండా మిగిలిన కింది పట్టీని విప్పి, ఒక కొస చెప్పు కింద తొక్కిపెట్టి, రెండో కొస రెండు చేతులతో లాగాడు. గట్టిగా కూడా లాగలేదు. అది అప్పడంలా విరిగి రెండు ముక్కలై చేతికొచ్చింది. తండ్రి నలభై ఏళ్లు రోజుకి పదిసార్లు చేసిన పని అది. క్షణం పట్టదు. ఆ క్షణం ఆ వరండాలో ఖర్చుపెట్టి ఉంటే ఈ మనిషి ఇవాళ మూడో తరగతిలో ఎక్కాలు చెప్పిస్తూ ఉండేది. అతను అక్కడే కూర్చుని బిగ్గరగా ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్లు ఎవరో పోయారనుకున్నారు.

తర్వాత రేకు పెట్టె తెరిచాడు. ఆరె తుప్పు పట్టి ఉంటే నూరుకున్నాడు. దళసరి గేదె తోలు తెచ్చి, అలవాటు తప్పిన చేత్తో రెండు రోజులు కూర్చుని, రెండు వారులు కోసి కుట్టాడు. తొక్కి లాగి చూశాడు. ఇంకా గట్టిగా లాగాడు. అరచేతులు కోసుకుపోయాయి గానీ వారులు చెక్కుచెదరలేదు. వాటిని కాలిపర్‌కి బిగించి ఆవిడ ఇంటికి తీసుకెళ్లాడు. అప్పటికి ఆవిడని ఇంటికి తెచ్చేశారు. వరండాలో అదే కుర్చీ చోట చక్రాల కుర్చీ ఉంది.

ఆవిడ పట్టీని వేలితో తడిమింది. కుట్టు చూసింది. "యోబుగారి కుట్టే," అంది. తర్వాత కాలిపర్‌ని తిరిగి అతని చేతిలో పెట్టింది. నడవడానికి వేసుకునే వస్తువు, ఇంక నడక లేని ఇంట్లో ఉంటే చూసి ఏడవడం తప్ప ఏం చేస్తానంది. ఇంకెవరికైనా పనికొస్తుందేమో చూడమంది.

కృపానందం వ్యాను కంపెనీకి అప్పగించేశాడు. శాలువా ఏమైందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అతను తండ్రి కూర్చున్న మలుపులోనే, తండ్రి గొడుగు కింద కూర్చుంటాడు. ఏ పట్టీ కుట్టినా తెచ్చినవాళ్ల ఎదురుగానే తొక్కి లాగుతాడు. తెగితే తెగిందని చెబుతాడు. తన చేతకానిదైతే పగులు మీద సుద్దముక్కతో పెద్ద గీత గీసి, జాగ్రత్తండి అని వెనక్కి ఇస్తాడు. అంత చేసినా ఆ మెట్ల మీద పోయిన కాలు తిరిగి రాలేదు.

పిల్లలూ, లోపాన్ని సరిచేయడం చేతకాకపోతే దాన్ని కనపడనివ్వండి. కనిపించే లోపం మనిషిని జాగ్రత్తపడేలా చేస్తుంది, కప్పిపెట్టిన లోపం నమ్మిన మనిషినే కూలుస్తుంది.