పైసగం నాంచారమ్మ

పదహారు రాజ్యాల తగవులు చూసిన నాకే ఆ ఇంటి దగ్గర బుర్ర తిరిగిపోయింది!

గడ్డికప్పులు నేసే నాంచారమ్మ మొగుడితో కలిసి కొన్న ఇల్లది. పత్రంలో “చెరిసగం” అని తప్ప ఇంకేమీ లేదు. మొగుడు అలిగి, తన సగాన్ని కొత్వాలుకు అమ్మేసి పోయాడు.

“వంటిల్లూ వాకిలీ ఉన్న సగమే నాది. కాదని పత్రంలో ఉందా?” అని కొత్వాలు మీసం దువ్వాడు.

తగవు తీర్చవచ్చిన తీర్పరి నాంచారమ్మది కుడి సగమన్నాడు, మళ్లీ తనే కాదు ఎడమన్నాడు. ఇంట్లోంచి చూస్తే కుడి, వీధిలోంచి చూస్తే ఎడమైపోతోంది! పైగా ఏనుగులు కొట్టుకుపోయేంత వాన.

నాంచారమ్మ నిచ్చెనెక్కింది. “కింది సగం మీరే ఉంచుకోండి దొరా. పైసగం నాది, పట్టుకుపోతాను,” అంటూ ఇంటికప్పు మీది గడ్డి పీకసాగింది.

ఇంట్లో నిలబడ్డ కొత్వాలు నెత్తిన ధార పడగానే, “దిగు తల్లీ! వంటిల్లు నీదే!” అని అరిచాడు.

“ఆ ముక్కే హద్దులతో సహా రాయించి ముద్ర వేయించండి దొరా. అందాకా పీకుతూనే ఉంటా.”